ఏటి దగ్గర ఆగిన వెతుకులాట

ఆవిడ గోదావరి అని కొట్టి, ఎంటర్ నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. తెర మీద ఏమీ కదల్లేదు. నేను టీ సగం తాగాక వచ్చాయి ఫలితాలు. "కోటి పైన వరుసలు మాస్టారూ. ఒక్కటీ వదలకుండా చదివొచ్చింది పాపం" అన్నారు.

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సు, దాని మేడ మీద ఈ గది. పాత తెలుగు పత్రికల్ని అక్షరాల్లోకి మార్చి, వాక్యానికో వరుస చొప్పున డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నారు. చూసి రమ్మని మా సంపాదకుడు పంపారు. స్కానర్లు చూపిస్తాం రండి సార్ అని కుర్రాళ్లు పిలుస్తూనే ఉన్నారు. నేను మాత్రం డేటాబేస్ చూసుకునే ఆవిడ కుర్చీ పక్కనుంచి లేవలేదు.

నిఘంటువులో గోదావరి కావాలంటే 'గ' దగ్గర తెరుస్తాం. మధ్యలో 'దావ' ఉన్న మాటలన్నీ కావాలంటే? అకారాది ఎందుకూ పనికిరాదు, పుస్తకమంతా తిరగెయ్యాల్సిందే. డేటాబేస్‌లో మామూలు ఇండెక్స్‌దీ అదే కష్టం. మాటకు అటూ ఇటూ శాతం గుర్తు పెట్టి 'లైక్' అని అడిగితే, ఆ ఇండెక్స్ దారి చూపలేదు. పట్టికంతా చదవాలి.

ఆవిడ ఒక చిత్తుకాగితం లాక్కుని పెన్సిలుతో గోదావరిని కోసి చూపించారు. మనకది నాలుగక్షరాలు, మెషిన్‌కి ఏడు: గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి. పక్కపక్కనున్నవి మూడేసి తీసుకుంటే ఐదు ముక్కలు. గోద, దావ, వరి కంటికి ఆనుతాయి. మిగతా రెంటిలో ఒకటి ఓత్వంతో, ఇంకొకటి దీర్ఘంతో మొదలవుతుంది. వాటిని పలకలేం. వాళ్లు వాడే డేటాబేస్ పేరు పోస్ట్‌గ్రెస్. అందులో ఈ కోత పనికి ట్రైగ్రామ్ అనే అనుబంధం ఉంది. ఏ ముక్క ఏ వరుసల్లో ఉందో 'జిన్' అనే రకం ఇండెక్స్ ముందే రాసి పెట్టుకుంటుంది. అడిగినప్పుడు ఐదు జాబితాల్లోనూ ఉన్న వరుసల్ని మాత్రం తెరిచి, మాట నిజంగా ఉందో లేదో సరిచూసుకుంటుంది. నాకు మొదట చూపించింది ఇండెక్స్ లేని నకలు. ఇండెక్స్ కట్టిన పట్టిక మీద అదే మాట మళ్లీ అడిగారు. గ్లాసు పెదవికి ఆనకముందే జవాబు వచ్చేసింది.

అంత పొదుపుగా పని చేసే చేతుల్ని చూసి చాలాకాలమైంది. ఇంకా పెద్ద మెషిన్ కొనాలని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ప్రతి ప్రశ్నకూ ముందు 'ఎక్స్‌ప్లెయిన్' అని చేర్చి, అది ఏ దారిన వెళ్తోందో వేలు పెట్టి చదువుకుంటున్నారు. 'పెళ్ళి', 'పెళ్లి' ఒకటేనని ముందే డేటాబేస్‌కి నేర్పి ఉంచారు.

అంతలో ఫోను. ఎవరో పరిశోధక విద్యార్థిని. గొంతు బయటికే వినబడుతోంది. "మేడమ్, ఏరు అని కొడితే వెంటనే వస్తోంది. ఏటికి, ఏట్లో, ఏటిగట్టు మాత్రం రావట్లేదు. నా పనంతా ఏటిగట్టు మీదే కదండీ!"

"నిజమేనమ్మా" అని పెట్టేశారు. కాసేపు మాట్లాడలేదు.

ఆ అమ్మాయి ఫిర్యాదు నన్నింకా వదల్లేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఇలా ముక్కలుగా కాక మాటకు మాటగా వెతికే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని కట్టినవాళ్లలో ఒకరైన ఒలెగ్ బర్తునోవ్ మాస్కోలో ఖగోళ శాస్త్రజ్ఞుడు. మాటను మధ్యలో విరగ్గొట్టకుండా చూడాల్సిన గుర్తుల పట్టీ ఒకటి ఆ కోడ్‌లో ఉంది. ఆవిడ తెరిచి చూపించారు. మన విసర్గ, కొమ్ము, వట్రుసుడి అందులో ఉన్నాయి. ఎక్కడివాళ్లో మన కొమ్మును తలుచుకున్నారు, దణ్ణం పెట్టాలనిపించింది. మరి మనం? మాట తోకలు కత్తిరించి మూలరూపం పట్టుకునే ఏర్పాటు పోస్ట్‌గ్రెస్‌లో తమిళానికి 2019లో వచ్చింది, హిందీకి 2021లో వచ్చింది. తెలుగుకు అలాంటిదేదీ దానితో పాటు రాదు. 2021లో లూసీన్ అనే ఇంకో సాధనంలో మాత్రం తెలుగుకు చోటు దొరికింది.

చేతకాక ఆగిన పని కాదిది. ఏరు ఏటి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది, నూయి నూతి అవుతుంది. వీటికి ఔపవిభక్తికాలని పేరు పెట్టి చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఎప్పుడో సూత్రం కట్టాడు. ఆ సూత్రం పరీక్షల్లో మార్కులకే మిగిలిపోయింది. తెలుగు శాఖ ఒక భవనంలో, కంప్యూటర్ శాఖ ఇంకో భవనంలో. మధ్యలో దారి వేసినవాళ్లు బహు తక్కువ. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆవిడ సొరుగులోంచి రూళ్ల నోటుబుక్ తీశారు. ఎడమవైపు వాడుక రూపం, కుడివైపు మూలం, అంతా చేతిరాత. ఏటికి – ఏరు. ఏట్లో – ఏరు. ఇళ్లల్లో – ఇల్లు. రోజూ పని అయ్యాక ఒక పేజీ రాస్తారట. ఇదే పద్ధతిలో ఫైలు చేసి ఇస్తే డేటాబేస్ తీసుకుంటుంది. మాటలు చేరినప్పుడల్లా ఇండెక్స్ మళ్లీ కట్టాలి, అంతే.

"నేను బీకామ్ మాస్టారూ. వ్యాకరణం నాకెక్కడొచ్చు? తప్పులుంటాయి" అన్నారు.

తెలుగు పాఠం చెప్పే అయ్యలారా, అమ్మలారా! ఆ నోటుబుక్కులో తప్పులు దిద్దడానికి మీకు ఒక వేసవి సెలవులు చాలు. ఆవిడ పక్కన ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది. వెళ్లి కూర్చోండి.