పక్కవాడు పలకనప్పుడు

ఆపరేటింగ్ సిస్టమ్‌కి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దానితోపాటు రిలీజ్ నోట్స్ అని ఒక పత్రం వస్తుంది. చాలామంది దాన్ని తెరవను కూడా తెరవరు. నా ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం కాబట్టి నేను చదవాలి. చదివి చదివి దానిమీద ఒకరకమైన ఇష్టం కూడా ఏర్పడింది. అందులో విశేషణాలు ఉండవు. ఎవరినీ ఒప్పించాలన్న తాపత్రయం ఉండదు. ముందు కొత్తగా చేర్చినవి, తర్వాత మార్చినవి, బాగా వెనక ఎక్కడో తీసేసినవి. శుభలేఖా, దినకర్మ కార్డూ ఒకే కవర్లో పెట్టి పంపినట్టు ఉంటుంది.

2025 మే నెలలో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 వచ్చింది. దాని తీసివేతల్లో జీఎఫ్ఎస్2 ఉంది. గ్లోబల్ ఫైల్ సిస్టమ్, రెండో తరం. ముందే చెప్పి చేశారు కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. కానీ నాకు 2009 జనవరిలో వచ్చిన 5.3 వెర్షన్ గుర్తుకొచ్చింది. అంతకుముందు దాకా జీఎఫ్ఎస్2కి 'టెక్నాలజీ ప్రివ్యూ' అనే ముద్ర ఉండేది. అంటే వాడి చూడండి, మునిగితే మాది పూచీ కాదు అని. 5.3లో ఆ ముద్ర తీసేసి, ఇక పూర్తిగా మద్దతు ఇస్తాం అన్నారు. ఒక ఫైల్ సిస్టమ్ జీవితంలో ఉపనయనం లాంటి రోజు అది.

అప్పుడు నేను అమీర్‌పేటలో ఉన్నాను. మైత్రీవనం దగ్గర సందుల్లో ఇప్పటికీ కనిపిస్తాయే, గోడల నిండా కోర్సుల పేర్లు రాసిన ఇన్‌స్టిట్యూట్లు, వాటిలో ఒకదాంట్లో. లినక్స్ అడ్మిన్ కోర్సు, జిరాక్స్ మెటీరియల్, పొద్దున ఆరున్నర బ్యాచ్. క్లస్టరింగ్ అనేది చివరి పది రోజుల పాఠం. దానికి వేరే ఫీజు. సగం మంది అక్కడికి రాకుండానే మానేశారు.

మామూలు ఫైల్ సిస్టమ్ ఏమనుకుంటుందంటే, ఈ డిస్కుకి నేనొక్కదాన్నే యజమానిని అని. ఏ గది ఖాళీ, ఏ గదిలో ఏముంది అన్న పటం తన మెమొరీలో పెట్టుకుని, దాన్నే నమ్ముకుని రాస్తుంది. అదే డిస్కుని కేబుల్‌తో రెండో కంప్యూటర్‌కి కూడా తగిలించి ఇద్దరిచేతా రాయించారనుకోండి. ఇద్దరి పటాల్లోనూ ఒకే గది ఖాళీగా కనిపిస్తుంది. ఇద్దరూ అందులోనే సామాను దించుతారు. ఎవరికీ ఎర్రర్ రాదు. కొన్ని గంటల తర్వాతో, కొన్ని రోజుల తర్వాతో తెలుస్తుంది, అప్పటికి మిగిలేదేమీ ఉండదు.

క్లస్టర్ ఫైల్ సిస్టమ్ వచ్చింది ఈ ఇబ్బందికే. ఒకే డిస్కు, చాలా కంప్యూటర్లు, అందరికీ సమాన హక్కు. రెడ్ హ్యాట్ పదహారు దాకా ఒప్పుకునేది. ఏదైనా ఫైలు ముట్టుకోవాలంటే ముందు దాని తాళం అడగాలి. చదవడానికైతే పదిమందీ పంచుకోవచ్చు. రాయాలంటే మాత్రం ఒక్కరికే. ఇంకొకరు అడిగితే, పట్టుకున్నవాడు తన చేతిలో ఉన్నదంతా డిస్కు మీదికి దించి, తన దగ్గరున్న నకలు చెరిపేసి, అప్పుడు తాళం ఇవ్వాలి. మా పల్నాడు వైపు సాగర్ కాలువల మీద తూములు తిప్పడానికి లస్కర్లు ఉంటారు. ఇక్కడ లస్కరంటూ వేరే ఎవడూ లేడు. రైతులే తలా ఒక తూముకి లస్కరు.

ఈ ఏర్పాటుకి పెద్ద చరిత్రే ఉంది. తాళాల పద్ధతి 1980ల్లో డిజిటల్ కంపెనీ వాళ్ల వీఎంఎస్‌ నుంచి వచ్చింది. జీఎఫ్ఎస్ 1990ల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టింది, మొదట లినక్స్ కోసం కూడా కాదు, సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ల ఐరిక్స్ కోసం. తర్వాత సిస్టీనా అనే కంపెనీ చేతికొచ్చి, 2001లో సోర్స్ మూసుకుపోయి, 2003 చివర్లో రెడ్ హ్యాట్ ఆ కంపెనీని కొని, 2004లో మళ్లీ అందరికీ తెరిచింది. వీఎంఎస్ తాళాలు ఆరు రకాలు. అందులో నాకు నచ్చేది 'నల్' తాళం. దాన్ని పట్టుకుంటే చదవలేరు, రాయలేరు, ఇంకొకరిని ఆపలేరు. ఈ వస్తువు మీద నాకూ ధ్యాస ఉంది అని చెప్పడానికి మాత్రమే పనికొస్తుంది.

అసలు చిక్కు తాళాల్లో లేదు. తాళం పట్టుకున్నవాడు పలకడం మానేస్తే ఏం చేయాలన్న దగ్గర ఉంది.

క్లస్టర్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి నిరంతరం పలకరించుకుంటూ ఉంటాయి. ఆ రోజుల్లో మేం వాడిన క్లస్టర్‌లో మామూలు గడువు పది సెకన్లు. పది సెకన్లు జవాబు లేకపోతే పక్కవాడు పోయాడని లెక్క. కానీ నిజంగా పోయాడా? పని ఒత్తిడిలో ఊపిరాడక ఊరుకున్నాడా? వాడు బాగానే ఉండి మధ్యలో వైరు తెగిందా? ఇవతలి నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. మౌనంగా ఉంటాయి. నెమ్మదిగా ఉన్నవాణ్ణీ చచ్చినవాణ్ణీ కచ్చితంగా వేరుచేసే ఉపాయం లేకపోతే ఏ ఒప్పందానికీ హామీ ఉండదని ఫిషర్, లించ్, పాటర్సన్ అనే ముగ్గురు 1985లో గణితంతో నిరూపించారు కూడా. అంటే ఇది ఇంకొంచెం మంచి ప్రోగ్రాం రాస్తే పోయే లోపం కాదు.

పోయాడనుకుని వాడి తాళాలు ఇంకొకరికి ఇచ్చేశాక, వాడు పన్నెండో సెకనులో లేచి, చేతిలో ఉన్న పాత పని పూర్తిచేస్తే డిస్కు నాశనం. అందుకని క్లస్టర్ చేసే పని ఏమిటంటే, పక్కవాడు పోయాడో లేదో తేల్చుకోదు. పోయేలా చేస్తుంది. వాడి పవర్ సప్లైకి వేరే దారిలో ఆదేశం పంపి కరెంటు తీసేస్తుంది. రెడ్ హ్యాట్ వాళ్లు దీన్ని మర్యాదగా ఫెన్సింగ్ అంటారు, కంచె వేయడం. లినక్స్‌లోనే ఇంకో బృందం వాళ్లు పెట్టిన పేరు స్టోనిత్. అది పొడి అక్షరాల పేరు, విప్పితే 'పక్క నోడ్‌ని తలలో కాల్చు' అని. నాకు రెండో పేరే నిజాయితీగా అనిపిస్తుంది.

కరెంటు తీసేసినట్టు రూఢి అయ్యేదాకా మిగిలినవాళ్ల పని కూడా ఆగిపోతుంది. ఫైల్ సిస్టమ్ మొత్తం స్తంభించిపోతుంది. ప్రతి కంప్యూటర్‌కీ డిస్కు మీద తన సొంత జర్నల్ ఉంటుంది, అంటే తలపెట్టిన పనుల చిట్టా. పోయినవాడి చిట్టా తెరిచి, సగంలో ఆగినవి మిగిలినవాళ్లు పూర్తిచేస్తారు. కాకపోతే ముందు పోయాడని తేలాలి.

ఆ పాఠం చెప్పిన వారంలోనే నేను మా ఊరు వెళ్లాను. ఇంట్లో అప్పుడు బాబాయి సంగతి నడుస్తోంది.

మా బాబాయి 1999లో పనికోసం ఊరొదిలి వెళ్లాడు. భిలాయ్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తర్వాత అప్పుడప్పుడూ పక్కింటివాళ్ల ఫోన్‌కి చేసేవాడు. 2001 దసరాకి చేసిన ఫోనే ఆఖరు. నాన్న రెండుసార్లు వెళ్లి వెతికొచ్చాడు. ఇల్లూ, ఎకరం ముప్పై సెంట్ల పొలమూ తాతయ్య పేరుమీదే ఉన్నాయి. చెల్లి పెళ్లికి పొలం అమ్మాలంటే నాయనమ్మ, నాన్న, అత్త, బాబాయి నలుగురూ సంతకం పెట్టాలి. నరసరావుపేటలో లాయరుగారు తేలిగ్గా చెప్పేశారు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్ ఉంది, సహజంగా కబురు తెలియాల్సినవాళ్లకి ఏడేళ్లపాటు ఏ కబురూ తెలియకపోతే, బతికే ఉన్నాడన్నవాళ్లే ఆ మాట రుజువు చేయాలి, ఏడేళ్లు దాటింది కదా, కోర్టులో దావా వేద్దాం అని. (ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది తెచ్చారు. ఈ ఏడేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.)

పది సెకన్లు, ఏడేళ్లు. గడువు ఎంతన్నది పక్కన పెడితే లాయరుగారు చెప్పిందీ అమీర్‌పేటలో సార్ చెప్పిందీ ఒకటే.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "వాడు లేడని రాసిన కాయితం మీద నేను వేలిముద్ర వెయ్యను. వాడొచ్చి నన్నెందుకు చంపావే అంటే ఏం చెప్పను?" అంది. అత్త నచ్చజెప్పింది. ఊళ్లో పెద్దమనుషులు వచ్చి చెప్పారు. నాన్న మాత్రం ఆవిణ్ణి ఒక్కమాట అనలేదు. చెల్లి పెళ్లి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి చేశారు. ఆ అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది, అందులో నాలుగేళ్లు నా జీతం. నాకు కోపం రాలేదని చెప్పను. ఒక మనిషి ఆచూకీ లేకపోతే ఇల్లంతా ఎందుకు ఆగిపోవాలి అనిపించేది. పెరట్లో బాబాయి ఇంకో గది వేద్దామని మొదలుపెట్టిన పిల్లర్లు ఉన్నాయి. పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు తుప్పుపట్టి వంగిపోయాయి. వాటిని పూర్తి చేయరు, కొట్టెయ్యరు. నాయనమ్మ వాటిమీద బట్టలు ఆరేసేది.

2013లో నేను పనిచేసే చోట రెండు నోడ్ల క్లస్టర్ ఒకటి ఉండేది. రెండు ఉన్నప్పుడు ఒక ఇబ్బంది. మూడు ఉంటే మెజారిటీ ఎటుందో చూడొచ్చు. రెండింటికి తగువొస్తే తీర్చేవాడు లేడు. ఒక అర్ధరాత్రి ఆ రెండింటి మధ్య స్విచ్ చెడింది. రెండూ బాగానే ఉన్నాయి, డిస్కు బాగానే ఉంది. కానీ రెండింటికీ ఎదుటిది పోయినట్టే కనిపించింది. రెండూ ఒకేసారి ఎదుటిదాన్ని ఆపెయ్యడానికి పరిగెత్తాయి. ఒకటి క్షణంలో ఎన్నో వంతు ముందు కాల్చింది. అంతే. లాగ్‌లో ఆ లైను ఇంకా గుర్తుంది, తెలుగులో చెప్పాలంటే 'సెలవు తీసుకుంటున్నానన్న సందేశం అందలేదు' అని. మర్నాడు మీటింగ్‌లో క్లయింట్ తరఫు పెద్దాయన అడిగాడు, "బాగున్న మిషన్‌ని మీ సాఫ్ట్‌వేర్ ఎందుకు చంపింది?" అని. బాగుందని దానికి తెలిసే వీలు లేదు అన్నాను. ఆయన తృప్తి పడలేదు. డేటాలో ఒక్క బైటు కూడా పోలేదు. ఆ మాట చెప్పినా ఆయన మొహం అలాగే ఉంది.

ఫెన్సింగ్ పరికరం కూడా పనిచేయకపోతే చివరికి మనిషి పూనుకోవాలి. దానికో కమాండ్ ఉండేది. ఫలానా నోడ్‌ని నేను కళ్లారా చూశాను, ఆగిపోయి ఉంది అని మనం హామీ ఇవ్వాలి. అబద్ధమైతే డిస్కు మొత్తం పోతుంది. మామూలుగా ఇలాంటిచోట అవునంటే వై, కాదంటే ఎన్ కొట్టమంటారు కదా. ఇది అలా ఊరుకోదు. 'నో' అయినా కొట్టు, లేకపోతే 'అబ్సల్యూట్లీ' అని పూర్తిగా టైప్ చేయి అంటుంది. ఎవరో ఇంజినీరు కావాలనే అలా పెట్టి ఉంటాడు, చేతివేళ్లు ఆ పన్నెండు... కాదు, పది అక్షరాలు కొట్టేలోపు బుర్ర ఇంకోసారి ఆలోచిస్తుందని. నాయనమ్మ వేలిముద్ర సంగతి నాకు కాస్త అర్థమైంది ఆ ప్రాంప్ట్ చూసిన రోజే. చూసి చెప్పమంటున్నారు. ఆవిడ చూడలేదు.

జీఎఫ్ఎస్2 లినక్స్ కెర్నెల్‌లో చేరింది 2006 నవంబర్‌లో, 2.6.19తో. అదే ఏడాది మార్చిలో అమెజాన్ ఎస్3 మొదలుపెట్టింది. ఇద్దరూ ఒక ఈడువాళ్లే, గెలిచింది రెండోది. అక్కడ ఎవరూ డిస్కుని నేరుగా ముట్టుకోరు. వస్తువు కావాలని అర్జీ పెట్టుకుంటారు, అటునుంచి ఎవరో పంపిస్తారు. డేటాబేసులు ఎవరి నకలు వాళ్లే ఉంచుకోవడం నేర్చుకున్నాయి. ఒకే పళ్లెంలో తినే కంప్యూటర్లు తగ్గిపోయాయి. నిజానికి జీఎఫ్ఎస్2లో కూడా మేం ఇచ్చే సలహా అదే, పనులు వేగంగా జరగాలంటే ఏ నోడ్ డైరెక్టరీ దానికి విడిగా ఉంచండి అని. ఉమ్మడి ఇల్లు, వేరు పొయ్యిలు. కాబట్టి తీసెయ్యడం అన్యాయమేమీ కాదు. కెర్నెల్‌లో ఇంకా ఉంది, కావాలన్నవాళ్లు వాడుకోవచ్చు.

నాయనమ్మ 2019లో పోయింది. ఇప్పుడు నాన్నకి డెబ్బై ఒకటి. దావా వేద్దామా అని నేను అడగలేదు, ఆయన అనలేదు. ఇంటి పన్ను ఇప్పటికీ తాతయ్య పేరుమీదే కడుతున్నాడు. చువ్వల మీద బట్టలు ఇప్పుడు అమ్మ ఆరేస్తోంది.

పోయిన శీతాకాలం మా దగ్గర మిగిలిన ఆఖరి జీఎఫ్ఎస్2 క్లస్టర్‌ని ఖాళీ చేసే పని నాకే పడింది. శనివారం రాత్రి పదకొండుకి మొదలుపెట్టాను. రెండు నోడ్ల మీదా వాల్యూమ్ దించేశాను. రెండో నోడ్‌ని ఆపమని కమాండ్ ఇస్తే, అది మొదటిదానికి వెళ్తున్నానని చెప్పి క్లస్టర్‌లోంచి తప్పుకుంది. అలా చెప్పి వెళ్లినదాన్ని ఎవరూ కాల్చరు, దేనికీ గడువు లెక్కపెట్టరు. లాగ్‌లో ఒక సభ్యుడు వెళ్లాడని మాత్రం పడింది. తర్వాత మొదటి నోడ్‌లో కూడా క్లస్టర్ ఆపేసి, తాళాల అవసరం లేకుండా ఒంటరిగా వాడుకునే పద్ధతిలో ఆ వాల్యూమ్‌ని మళ్లీ ఎక్కించి, కాపీ పెట్టి టీ తాగడానికి వెళ్లాను.