గాబులో ఉడికిన సున్నం

రండి, కుంపటికి కాస్త దగ్గరగా జరగండి. ఒక మాట అడుగుతాను, మీరు గోడలకి వెల్ల వెయ్యడం చూసిన తరమేనా? ఇప్పుడంతా డబ్బాల రంగులాయె, అందుకని అడిగాను.

మా అమ్మమ్మగారింట్లో సంక్రాంతి ముందు పెరట్లోని పాత గాబులో సున్నపు గడ్డలు వేసి, చెంబుతో నీళ్ళు పోసేవారు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత సుయ్యిమని చప్పుడు, గడ్డలు పటపటా పగలడం, ఆ మీదట కుతకుత. పొయ్యి లేదు, పుల్ల లేదు, ఆవిరి మాత్రం చూరుదాకా! "కళ్ళల్లో పడుతుంది, అవతలికి పొండర్రా" అని అమ్మమ్మ కేకలు. పోయేవాళ్ళం, జామచెట్టు పైకి.

డిగ్రీలో ఎంథాల్పీ, అదే రసాయన చర్యల వేడి లెక్క, నా బుర్రకెక్కింది పుస్తకంతో కాదు, ఆ గాబు గుర్తొచ్చాకే. పొయ్యి లేని ఆ వేడి ఎక్కడిదంటారు? బట్టీది. పిడుగురాళ్ళ బట్టీల పేరు వినే ఉంటారు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెగలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పొడిసున్నం మిగులుతుంది. అందుకు ఆ రాయి మోలుకి 178 కిలోజౌళ్ళు మింగుతుంది. నీళ్ళు పోసినప్పుడు అందులో 65 కక్కుతుంది. తక్కువేం కాదు. కిలో సున్నం విడిచే వేడి వృథా పోకుండా పట్టగలిగితే, నాలుగు లీటర్ల నీళ్ళు 30 డిగ్రీల నుంచి ఇంచుమించు మరుగుకొస్తాయి.

ఈ 65 ముందు పుస్తకంలో మైనస్ ఉంటుంది. చెయ్యి చుర్రుమంటుంటే మైనస్ ఏమిటని మా బెంచీలో పెద్ద గొడవ. చిట్టా రాసుకునేది మనం కాదండీ, సున్నం. దాని చేతిలోంచి పోయింది గనక దానికది ఖర్చు.

మరి మిగతా 113? అసలు మజా అక్కడుంది. గోడకెక్కిన వెల్ల, గాలిలోని కార్బన్ డయాక్సైడుని మెల్లగా పీల్చుకుని, నీటిని వదిలేసి, మళ్ళీ సున్నపురాయి అవుతుంది. ఆ 113 అప్పుడు వస్తుంది. వారాల తరబడి సాగే పని కాబట్టి గోడకి చెయ్యి ఆనించినా తెలీదు. 65కి 113 కలిపి చూడండి, బట్టీ బాకీ చెల్లు! దారి ఏదైనా, బయల్దేరిన చోటూ చేరిన చోటూ అవే అయితే వేడి లెక్క మారదని హెస్ 1840లోనే చెప్పాడు. జెనీవాలో పుట్టి, పీటర్స్‌బర్గులో పాఠాలు చెప్పుకున్న మనిషి. శక్తి నిత్యత్వమన్న మాట ఇంకా స్థిరపడని రోజులవి.

అమ్మమ్మగారింటి వీధరుగు దగ్గర గోడ పెచ్చు ఊడితే, అంచున పొరలు లెక్కపెట్టేవాళ్ళం, ఏ ఏటి వెల్ల ఏదో అని. ఓసారి దాని మీద నిమ్మచెక్క పిండితే బుసబుసమని పొంగింది.