తక్కువ తిరిగిన బండి

పాత బండి కొనేటప్పుడు మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎంత తిరిగింది? డాలస్‌లో పాతికేళ్ల నాటి ఇటాలియన్ స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు నేనూ అదే అడిగాను. మీటరు పదిహేను వేల మైళ్లు కూడా దాటలేదు. ఇంకేం కావాలనుకున్నాను.

కంపెనీ పేరు వద్దు లెండి. గేరు రాడ్డు ఇనుప గాడిలో టక్కుమని పడేది. ఆరువేల ఆర్‌పీఎం దాటగానే వెనకున్న వీ8 గొంతు మారిపోయేది. ఆ మోత వినడానికే అక్కర్లేకపోయినా గేరు తగ్గించేవాణ్ని. అమ్మినాయన ఇచ్చిన ఫైల్లో, వాల్వులను సమయానికి తెరిచి మూయించే రబ్బరు పట్టీ, టైమింగ్ బెల్టు, మార్చి తొమ్మిదేళ్లయిందని ఉంది. బండే తిరగనప్పుడు బెల్టు ఎలా అరుగుతుందని నా లెక్క.

రబ్బరుకు మైళ్లే కాదు, ఏళ్లు కూడా లెక్కే. బండి కదలకపోయినా అది గట్టిపడుతుంది, బీటలిస్తుంది. అందుకే ఎంత తిరిగినా తిరగకపోయినా మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చమంటారు ఈ కార్ల మెకానిక్‌లు. ఫెరారీ వీ8లే చూడండి. 1973 నాటి డీనో 308 జీటీ4 మొదలు, 2004లో ఎఫ్430 చైనుతో వచ్చేదాకా, అన్నీ బెల్టు మీదే నడిచాయి. వాటిలో 348, ఎఫ్355 కార్లకు బెల్టు మార్చాలంటే మొత్తం ఇంజిన్ కిందికి దించాలి. 1999లో వచ్చిన 360 మోడెనాలోనే సీట్ల వెనక మూత తీసి మార్చే వీలు కలిగింది. వేల డాలర్ల పని కాబట్టి ఓనర్లు వాయిదా వేస్తారు, వేసి వేసి చివరికి అమ్మేస్తారు. ఆ వాయిదాలన్నీ నాలాంటివాడి నెత్తిన పడతాయి.

నా బెల్టు తెగలేదు, పళ్లు ఊడాయి. హైవే మీద ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. సమయానికి మూసుకోని వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోయాయి. బిల్లు కారు ధరలో సగం దాకా వచ్చింది. ‘ఆ డబ్బుకు మామూలు కారు ఒకటి వచ్చేది కదండీ’ అంది మా ఆవిడ. వచ్చేదే.

ఇటాలియన్ కార్లను నమ్మలేమన్న మాట వట్టిది కాదు. ఇరుకు ఇంజిన్ గదిలో వేడి ఎక్కువ, వైరింగు పేచీ పెడుతుంది. కానీ సగం చెడ్డపేరు షెడ్డులో దాచిపెట్టినందుకు వచ్చిందే. నిలబెట్టిన బండిలో ఆయిల్ సీళ్లు ఎండుతాయి, పెట్రోలు పైపులు పగుళ్లిస్తాయి. ఆ పైపుల వల్ల మంటలు లేచే ప్రమాదమూ ఉంది.

ఇప్పుడు ఎవరైనా మిత్రుడు అమ్మకం ప్రకటన పంపితే ముందు సర్వీసు బిల్లులు అడగమంటాను. ఏటేటా బిల్లులున్న అరవై వేల మైళ్ల కారు, బిల్లుల్లేని పది వేల మైళ్ల కారు పక్కపక్కన ఉంటే మొదటిదే కొనమంటాను. కొన్నాక వారానికోసారైనా ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపమంటాను. బెల్టు డబ్బు విడిగా పెట్టుకోలేకపోతే కొనొద్దంటాను.