ఆషాఢం, వాడరేవు, ఒక బిల్లు

ఆషాఢం వస్తోందంటే కొత్తగా పెళ్ళయినవాళ్ళు దిగులుపడతారు. మా బ్యాచ్‌లో ఒకడు మాత్రం ఏడాదంతా ఆషాఢం కోసమే ఎదురుచూస్తాడు. వాడికింకా పెళ్ళి కాలేదు, అది వేరే సంగతి. వాడు పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. "నా పేరు రాశావంటే ట్రైపాడ్ పెట్టి కొడతా" అన్నాడు కాబట్టి ఇక్కడ మావాడు అనే అంటాను.

మేం అయిదుగురం చీరాల దగ్గర ఇంజనీరింగ్ చదివాం. నలుగురం సాఫ్ట్‌వేర్‌లో పడ్డాం. ఇద్దరం హైదరాబాద్, ఒకడు బెంగుళూరు, ఒకడు డల్లాస్. మావాడికి మూడో ఏడాదికల్లా ఏడు బ్యాక్‌లాగులు, ఒక సెకండ్‌హ్యాండ్ కెమేరా పోగయ్యాయి. బ్యాక్‌లాగులన్నీ తీరిగ్గా పాసయ్యి డిగ్రీ తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు. కెమేరా మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు. ఇప్పుడు చీరాలలో చిన్న స్టూడియో ఉంది.

మన క్యాలెండరు వేరు, వాడి క్యాలెండరు వేరు. మనకి పెళ్ళంటే లీవు పెట్టి ఊరెళ్ళడం. వాడికి పెళ్ళంటే రెండు రాత్రులు నిద్ర లేకపోవడం. మనం శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసే వేళకి వాడు ఎక్కడో ఎదురుకోలుకి లైట్లు కడుతూ ఉంటాడు. దసరా అయ్యాక కార్తీకం, తర్వాత మాఘం, ఫాల్గుణం, వైశాఖం.. ఊళ్ళో అందరూ సంబరంగా ఉన్న రోజుల్లో వాడు ఫోనెత్తడు. ఎత్తినా "ముహూర్తం ఉందిరా, రేపు మాట్లాడతా" అంటాడు. వాడి పండగలన్నీ జనానికి పండగ లేని రోజుల్లోనే. ఆషాఢం, శూన్యమాసం, మూఢం.

మూఢం అంటే తెలుసుగా? గురుడో శుక్రుడో ఆకాశంలో సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో మన కంటికి కనపడకుండా పోతే ఆ రోజుల్లో పెళ్ళి ముహూర్తాలు పెట్టరు. మావాడి భాషలో చెప్పాలంటే గురుడు ఓవర్ ఎక్స్‌పోజ్ అయ్యాడన్నమాట.

అందుకే మా కలయిక ఎప్పుడూ ఆషాఢంలో, వాడరేవులో. రాత్రి సికింద్రాబాద్‌లో సింహపురి ఎక్కితే తెల్లవారుజామున చీరాల. అక్కణ్ణించి ఆరేడు కిలోమీటర్లు సముద్రం. మేం చదువుకునేటప్పుడు అది ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా మారినా సముద్రం మారలేదు. అదే లైట్‌హౌస్, ఒడ్డున అవే బోట్లు, అదే చేపల వాసన. మర్చేపోయా, చేపలకీ ఆషాఢానికీ ఒక లెక్కుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆషాఢం వచ్చేసరికి ఆ నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్తూ ఉంటాయి. అంటే మావాడి వేట ఆగినప్పుడు వాళ్ళ వేట మొదలవుతుంది. మాకు రెండు రకాలా లాభమే.

పెద్ద ప్రోగ్రాములేమీ ఉండవు. పొద్దున్నే ఒడ్డున కూర్చుంటాం. బోట్లు రాగానే బేరమాడి వంజరమో, జేబు సహకరించకపోతే కానాగంతలో కొంటాం. అక్కడే ఒక పాకలో ఇస్తే వేయించి ఇస్తారు. వేటపాలెం జీడిపప్పు ఒక పొట్లం. సాయంత్రం మిరపకాయ బజ్జీలు. మధ్యలో మావాడి పెళ్ళి కబుర్లు.. వాడి పెళ్ళి కాదు, ఊళ్ళో వాళ్ళవి. ప్రీవెడ్డింగ్ షూటింగుకి ఇదే ఒడ్డుకి తీసుకొస్తాడు జంటల్ని. ఒకమ్మాయి సూర్యుడు సముద్రంలో మునుగుతుంటే ఫొటో కావాలందట. "మునిగేది అటు చీరాల వైపమ్మా, ఇటు లేస్తాడు, పొద్దున అయిదింటికి రండి" అంటే, అయిదింటికా అని పెళ్ళికొడుకు మొహం మాడ్చుకున్నాడట. ఆఖరికి సూర్యోదయం తీసి సూర్యాస్తమయం అని ఆల్బమ్‌లో పెట్టాడు. వాళ్ళ బంధువుల్లో ఎవరూ కనిపెట్టలేదు :)

వాడి పండగ ఇంకోటుంది. ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. మన ఊళ్ళలో ఫొటోగ్రాఫర్ల సంఘాల వాళ్ళు ఆ రోజు లూయీ డాగేర్ పటానికి దండ వేసి, కేకు కోసి, ఆసుపత్రిలో పళ్ళు పంచుతారు. 2023లో అది శనివారం పడింది. నేనూ వెళ్ళాను. ముప్ఫై మంది ఫొటోగ్రాఫర్లు ఉన్నచోట ఒక గ్రూప్ ఫొటో తీయడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. అందరూ లైటు ఇటు బావుంది, అటు బావుంది అని చెప్పేవాళ్ళే. నిలబడేవాడు లేడు.

ఆ రోజు మావాడు డాగేర్ గురించి రెండు విషయాలు చెప్పాడు. ఒకటి, 1838లో ఆయన పారిస్‌లో పైనించి ఒక వీధిని ఫొటో తీశాడు. వీధి నిండా బళ్ళు, జనం. కానీ అప్పట్లో ప్లేటు మీద బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది. దాంతో కదిలేవాళ్ళెవరూ ఫొటోలో లేరు. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక మనిషి మాత్రం పడ్డాడు. రెండోది, ఫ్రాన్సు ప్రభుత్వం 1839 ఆగస్టు 19న ఆ పద్ధతిని లోకానికి ఉచితంగా ఇస్తున్నామని ప్రకటించింది, అందుకే ఆ తేదీ. నేను వెంటనే "అయితే ఓపెన్ సోర్సన్నమాట" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకి అర్థం నాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్ళాలి. 2023 మాఘంలో మా చెల్లెలి పెళ్ళి. ఫొటోగ్రాఫరు ఎవరు అనే ప్రశ్నే రాలేదు ఇంట్లో. కేటరింగ్ అతనికి అడ్వాన్సు, డెకరేషన్ అతనికి అడ్వాన్సు, సన్నాయి వాళ్ళకి అడ్వాన్సు. మావాడికి? "మనోడే కదా". నలుగురు కుర్రాళ్ళని వెంటేసుకుని వచ్చాడు. రెండు రోజులు పని చేశాడు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అడ్డుతెర దిగుతున్నప్పుడు మా చెల్లి మొహం తీశాడు చూడండి, ఆ ఫొటో ముందు మా నాన్న ఇప్పటికీ ఆగుతాడు. చివరి బంతిలో భోజనానికి కూర్చున్నప్పుడు గారెలు అయిపోయాయి. నేనే స్వయంగా వెళ్ళి "సారీ మామా" అన్నాను. నాకు గుర్తుంది.

ఆల్బమ్‌లు ఇచ్చిన రోజు నాన్న "ఎంతివ్వమంటావు బాబూ" అని అడిగాడు. "చూద్దాంలే అంకుల్" అన్నాడు. చూద్దాంలే అంటే ఏంటి? తెలుగులో మొహమాటపడేవాడు ఇంకెలా చెప్తాడు? నేను మాత్రం దాన్ని నాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాను. ఒక మంచి చొక్కా కొనిచ్చాను. పని అయిపోయిందనుకున్నాను.

ఇక 2024. ఆ ఏడు మూఢం, ఆషాఢం వరసగా వచ్చి ఏప్రిల్ ఆఖర్నించి ఆగస్టు మొదటి దాకా ముహూర్తాల్లేవు. మూడు నెలలు. నాకు గుర్తొచ్చింది ఏమిటో చెప్తే సిగ్గుగా ఉంది. "మావాడు బాగా ఖాళీ, ఈసారి రెండు రోజులు ఉండొచ్చు" అని. జూలైలో వెళ్ళాం. ఒడ్డున కూర్చుని నేను గంటసేపు నా బాధ చెప్పుకున్నాను. హైక్ ఆరు శాతమే వేశారు, మేనేజరుకి మనుషుల విలువ తెలీదు, చేసిన పనికి గుర్తింపు లేదు. మావాడు "అంతేరా, ఏం చేస్తాం" అంటూ కానాగంతల ముళ్ళు తీసుకుంటున్నాడు.

వాడి అసిస్టెంటు కుర్రాడు కూడా వచ్చాడు ఆ రోజు. పంతొమ్మిదేళ్ళుంటాయి. మావాడు బజ్జీలకి వెళ్ళినప్పుడు వాడితో మాటలు కలిపాను. "లెన్సు మార్చాడేంట్రా మీ అన్న, ఆ పెద్దది కనపడట్లేదు" అన్నాను. ఉప్పుగాలికి పాడవుతుందని తేలేదేమో అనుకున్నా.

"అమ్మేశాడన్నా. మీ ఇంట్లో పెళ్ళప్పుడు డ్రోను అద్దె, మా కూలీ, ల్యాబులో ఆల్బం డబ్బులు అన్నీ అప్పు తెచ్చి కట్టాడు. పోయినేడు ఎట్టాగో సర్దాడు. ఇప్పుడు మూణ్ణెల్లు పని లేదు గదా. మీకు తెలవదా?"

తెలీదు. తెలీదా? నిజం చెప్పాలంటే లెక్క వేసుకోలేదు. రోజూ ఆఫీసులో ఏ పనికి ఎన్ని గంటలో ఎస్టిమేట్లు వేసేవాణ్ణి, ఈ ఒక్క లెక్క మాత్రం వేసుకోలేదు. "నువ్వు కంప్యూటర్లే కదా, మా కొట్టుకి ఒక వెబ్‌సైట్ చేసిపెట్టు" అని మా మామయ్య అడిగితే వారం రోజులు గ్రూపులో ఏడ్చినవాణ్ణి కూడా నేనే.

వాడు బజ్జీలతో రాగానే ఫోను తీసి "నీ నంబరుకే పంపిస్తున్నా, ఎంత వెయ్యమంటావు" అన్నాను. వాడికి కోపం రావడం ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాను.

"ఏందిరా ఇది? సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి దానం చేస్తున్నావా?"

"అది కాదు మామా.."

"నా పనికి రేటుంది. బిల్లు వేస్తాను. బిల్లు కట్టు. ఇట్టా జాలిపడి వెయ్యబాక."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. బజ్జీలు చల్లారిపోయాయి. తర్వాత వాడే అన్నాడు. "డాగేర్ ఊరికే ఇచ్చాడనుకున్నావు గదా ఆ రోజు. ఆ గవర్నమెంటు ఆయనకి బతికున్నన్నాళ్ళూ ఏడాదికి ఆరువేల ఫ్రాంకుల పింఛను ఇచ్చిందిరా. లోకానికి ఊరికే, ఆయనకి మాత్రం డబ్బులు. అదీ పద్ధతి."

మరుసటి వారం బిల్లు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. నలుగురు అసిస్టెంట్లు, రెండు రోజులు, 16,000. డ్రోన్ అద్దె 7,000. ఆల్బమ్‌లు రెండు, 22,000. హార్డ్ డిస్కులు 5,000. ఫొటోగ్రాఫరు పని 30,000. మొత్తం 80,000. స్నేహితుడి డిస్కౌంటు పది శాతం పోను 72,000. కింద ఇంకో లైను: "వాడరేవులో చేపలకి నువ్వు పెట్టింది 600, తీసేశాను." అంటే 71,400. అదే రోజు కట్టాను. రసీదు పంపాడు. రసీదు మీద స్టూడియో పేరు, వాడి సంతకం. అన్నేళ్ళ స్నేహంలో వాడి సంతకం చూడడం అదే మొదటిసారి.

2021 మే నెల గుర్తొస్తుంది నాకు ఇలాంటప్పుడు. పెళ్ళిళ్ళు ఆగిపోయి, స్టూడియోకి వచ్చినవాళ్ళందరూ పోయినవాళ్ళ పటాలు కట్టించుకోడానికే వచ్చిన నెల. చాలామంది దగ్గర ఆధార్ కార్డు ఫొటో తప్ప ఇంకోటి లేదట. ఒకాయనకి అదీ సరిగా లేకపోతే, మావాడు తన పాత పెళ్ళి ఫొటోలన్నీ వెతికి, ఒకదాంట్లో వెనకాల సాంబారు బకెట్టు పట్టుకుని నవ్వుతున్న ఆయన్ని పట్టుకుని పటం కట్టిచ్చాడు. ఆ పటాలకి కొందరి దగ్గర డబ్బులు తీసుకోలేదు. అది వాడి ఇష్టం. ఎక్కడ తీసుకోకూడదో వాడికి తెలుసు. మా ఇంటి పెళ్ళి అలాంటి చోటు కాదు. ఆ తేడా నేను చూడలేదు, అంతే.

ఆ వారం మా వాడరేవు ఫొటోలన్నీ తీసి చూశాను. కాలేజీ రోజుల్నించి లెక్కపెడితే వందల్లో ఉన్నాయి. బోటు ఎక్కి మేం, చేప పట్టుకుని మేం, అలల్లో మేం. వాడు ఒక్క దాంట్లో లేడు. ఒక దాంట్లో ఇసుక మీద వాడి నీడ మాత్రం ఉంది, రెండు మోచేతులూ ఎత్తి కెమేరా పట్టుకున్న నీడ. ఆ పారిస్ వీధిలో బళ్ళు తోలుకుంటూ పోయినవాళ్ళలాగే, పని చేస్తూ కదులుతూ ఉన్నవాడు ఫొటోలో పడలేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు కెమేరా లాక్కుని నేను తీశాను. బోటుకి ఆనుకుని నిలబడమంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక ఇబ్బంది పడ్డాడు. వేలమందికి చేతులెక్కడ పెట్టాలో చెప్పినవాడు! ఫొటో చూసి "ఫోకస్ బోటు మీద పడింది, నేను మసగ్గా ఉన్నా, హొరైజన్ వంకర" అన్నాడు. డిలీట్ చెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనియ్. నాకు పంపు" అన్నాడు.

మీ ఇంట్లో పెళ్ళి ఉంటే ఫొటోగ్రాఫరు మీవాడే కావచ్చు, తమ్ముడి క్లాస్‌మేటే కావచ్చు. రేటు ముందే అడగండి, అడ్వాన్సు ఇవ్వండి. ఇంకోటి, రెండో బంతి లేచేలోగా వెళ్ళి వాళ్ళు భోంచేశారో లేదో కనుక్కోండి. గారెలు త్వరగా అయిపోతాయి.