నాన్న వెదురు పుల్ల

మా ఊరు చింతపల్లి దగ్గర కొండ మీద వుంది. మా ఇంట్లో చదువుకుంటున్నది నేనొక్కదాన్నే. మా నాన్న పాత జీపు నడుపుతాడు. సంతకు మనుషుల్ని, పసుపు బస్తాల్ని, జ్వరమొచ్చిన వాళ్ళని ఆ జీపే దించుతుంది.

ఎండాకాలం సెలవుల్లో జీపు గేరుబాక్సు పోయింది. మా మామ వేరే బండి గేరుబాక్సు తెచ్చి బిగించాడు. అది పాతదానికన్నా పొడుగు. అందువలన వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లరు షాఫ్టు పట్టలేదు. దాన్ని కోసి పొట్టి చేయించాలన్నారు.

నాన్న జీపు కిందికి దూరి, గేరుబాక్సుకీ వెనక క్రౌనుకీ మధ్య వెదురు పుల్ల పెట్టి, సరిగ్గా అంత మట్టుకు కత్తితో కోసాడు. నాకు నవ్వొచ్చింది. "పుల్ల తీసుకెళ్తే లేతు షాపోళ్ళు నవ్వుతారు నాన్నా, నేను టేపుతో కొలుస్తాను" అన్నాను. మామ పాత ఇనుప టేపుతో కొలిచి, 19 అంగుళాలు అని కాగితం మీద రాసిచ్చాను. నాన్న కాగితం జేబులో పెట్టుకున్నాడు. పుల్లను ఇంటి చూరులో దోపాడు.

మరునాడు షాఫ్టు పట్టుకొని బస్సులో నర్సీపట్నం వెళ్ళాము. మేస్త్రి ముందుగా షాఫ్టు పొడుగునా సుద్దతో గీత గీసాడు. రెండు చివర్లా క్రాసులు పట్టుకునే చెవులు ఒకే వరసలో వుండాలట, లేకపోతే బండి వణుకుతుందట. మధ్యలో గొట్టం ముక్క కోసి తీసేసి, గీతకు గీత కలిపి, నాలుగు చోట్ల వెల్డింగు చుక్కలు పెట్టాడు. లేతు మీద తిప్పి, వంకర లేదని చూసాకే చుట్టూ వెల్డింగు చేసాడు.

ఇంటికొచ్చి బిగిస్తే షాఫ్టు ఎక్కింది. నేను గంతులేసాను. కానీ మామ దాన్ని ముందుకి తోసి చూసి తల అడ్డంగా ఊపాడు. షాఫ్టుకి పళ్ళున్న భాగం ఒకటి వుంటుంది. చక్రం గుంతలో పడి కమాన్లు ఆడినప్పుడు అది లోపలికీ బయటికీ జరగాలి. మాది పూర్తిగా లోపలికి దూరిపోయింది. జరగడానికి జాగా లేదు. "ఇలా ఘాటీ దిగితే గేరుబాక్సుని గుద్దుతుంది బావా. బండి నిండా జనం వుంటారు" అన్నాడు.

నాన్న చూరులోంచి పుల్ల తెచ్చాడు. నా స్కేలు రెండుసార్లు పెట్టి కొలిచాను. 18 అంగుళాలే! అప్పుడు టేపు చూసాను. దాని కొస విరిగిపోయి, 1 దగ్గర నుంచే మొదలవుతోంది. నేను చివరి అంకె చూసాను గాని మొదలు చూడలేదు.

"తప్పు నాది" అని ఏడ్చాను. నాన్న తిట్టలేదు. "పొడుగైంది గనక మళ్ళీ కోయొచ్చు. పొట్టిదైతే ఏం చేసేవాళ్ళం?" అన్నాడు. మళ్ళీ నర్సీపట్నం, మళ్ళీ వెల్డింగు డబ్బులు. రెండు సంతలు పోయాయి. నాకు కొంటానన్న చెప్పులు కొనలేదు. వెళ్ళేటప్పుడు నాన్న పుల్లను నా చేతికిచ్చి, "కాగితం కూడా రాయమ్మా, రెండూ చూపిద్దాం" అన్నాడు.

సైన్సు సారుకి ఇదంతా చెప్పాను. 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టీ కార్లలో షాఫ్టు బయటికి కనపడదట, ఒక గొట్టంలో తిరుగుతుందట. దాన్ని పొట్టి చెయ్యాలంటే షాఫ్టునీ గొట్టాన్నీ ఒకే మేర తగ్గించాలట. అక్కడ నాలాంటి తప్పు చేస్తే రెండూ పాడే!

కాబట్టి స్నేహితులారా, స్కేలు పెట్టేటప్పుడు ముందు సున్నా చూడండి. ఇంకొక మాట. చదువు రాని మన అమ్మానాన్నలకు కొలత రాదని మాత్రం నాలాగా అనుకోకండి.

– 9వ తరగతి విద్యార్థిని