క్షౌరశాల

గ్రంథాలయమునకు పోనివాడుండవచ్చును, దేవాలయమునకు పోనివాడుండవచ్చును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో క్షౌరశాలకు పోని పురుషుడు మాత్రము అరుదు. గడ్డము పెంచిన సన్న్యాసులను విడిచి చెప్పుచున్నాము. రాజుల కథలను ప్రక్కకు నెట్టి సామాన్యుల బ్రతుకును ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’గా 1949లో వెలువరించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ గద్వాల సీమవారే. ఆ మార్గమున నడువగోరువారికి క్షౌరశాల అల్పవిషయము కాదు.

దుకాణములు పుట్టకపూర్వము క్షురకుడే పొది చంకనిడుకొని ఇల్లిల్లు తిరిగెడివాడు. ప్రతిఫలము రూపాయలలో కాదు. కోతలనాడు కళ్లములో రైతులు కొలిచిపెట్టెడి మేర. నైజాముకాలమున దేశముఖుల గడీలలో ఆ మేరయు లేదు, వెట్టియే. క్షౌరము చేసిన చేతులతోనే రాత్రి దొర కాళ్లు పిసుకవలెను. పెండ్లికి ఆతని సన్నాయి కావలెను, పురిటికి ఆతని యింటి ఆడుది మంత్రసానిగా రావలెను. ప్రయాణమై బయలుదేరునప్పుడు ఆతడెదురైనచో మాత్రము అపశకునమట! మేమును కొంత సంస్కృతము చదివినవారమే గాని, ఈ కృతఘ్నతను శాస్త్రమని పిలుచుటకు మాకు నోరు రాదు.

ఈ యవస్థను మార్చినది ఉపన్యాసములకంటె ఒక కుర్చీయు, ఒక అద్దమును. దుకాణమునకు తలుపున్నది, దానిని తెరచుటయు మూయుటయు దుకాణదారుని యిష్టము. పిలిపించుకొన్నవాడే నేడు తాను నడచివచ్చి, బల్లమీద తన వంతుకై వేచియుండవలెను. మంగళవారము క్షౌరము కూడదను నమ్మకము మాకు రుచింపదు. కాని దానివలన ఆ శ్రామికునకు వారమున కొకదినము విశ్రాంతి దొరకుచున్నది గనుక, దానిని ఖండించుటకు మనసొప్పుట లేదు.

ఉత్తర అమెరికా పచ్చికమైదానములలో రైలుదారి వెంట వెలసిన తొలినాటి చిన్న ఊళ్లలో క్షౌరశాలయు, బిలియర్డు బల్లలును తరచు ఒకే కప్పుక్రింద నుండెడివి. పురుషులచట చేరి ప్రొద్దుపుచ్చుచున్నారని అచటి మతబోధకులు కోపగించుకొనెడివారు. మన పెద్దలకును ఆ కోపమే కలదు. మాకు లేదు. వేరుశనగ ధరయు, జూరాల నీటి సంగతియు, పూణెకు వలసపోయినవారి కబురును ఇచట దొరకును. చదువురానివానికి దినపత్రికను పైకి చదివి వినిపించువాడును ఇచటనే కనబడును.

అయితే ఆ బల్లమీద కూర్చుండు అధికారమెవరికి? 1948 నవంబరు 29న రాజ్యాంగసభలో డాక్టరు అంబేడ్కరు ‘దుకాణము’ అను మాటకు విశాలార్థము చెప్పుచు, అడిగినవారికి తన సేవ నందించువాడెవడైనను అందు చేరునని వివరించెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము దుకాణప్రవేశమున కులభేదమును నిషేధించెను. 1955 నాటి చట్టము అంటరానితనమును పాటించువారికి శిక్ష విధించెను. అయినను, సొంతయూరిలో తన తలకు కత్తి తగులనందున దళితుడు క్రోసులు నడచి పట్టణమునకు వచ్చెడి దినములుండెను. అవి అంతటను గతించెనని చెప్పు ధైర్యము మాకు లేదు.

ఈ నేరమును క్షురకుని నెత్తిన మోపి తాము తప్పుకొనువారిని చూచితిమి. ‘వారికి చేసిన కత్తితో మాకు చేయరాదు’ అని బెదరించినవారెవరు? మేర కొలిచెడివారే గదా! నాలుగు గింజలకై వారి కళ్లములో నిలువవలసినవాడు వారి మాటను కాదనుటెట్లు? వచ్చినవారందరు రొక్కమిచ్చుచోట ఆ బెదరింపునకు పదును తగ్గును. అందుచేతనే 2021లో తెలంగాణ ప్రభుత్వము క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల విద్యుత్తును ఉచితముగా నిచ్చుటను మేము కేవలము దానముగా తలపలేదు.

సాయంకాలము బడి విడిచిన బాలురు ఒకే బల్లమీద ఒరసికొని కూర్చుండి, సెల్‌ఫోనులో సినిమా నటుని బొమ్మ చూపి, తమకును అట్లే కత్తిరింపుమనుచున్నారు. క్షురకుడు బొమ్మను చూచును, వాని జుట్టును చూచును, రెండును పొసగవని పెదవి విరచి కత్తెర పట్టును.