మోకాలు వంగాలి

కవచం చేయించుకోవాలని వచ్చే పిల్లలు ఫోనులో బొమ్మ చూపించి, "అన్నా, అచ్చం ఇట్లే వస్తుందా?" అని అడుగుతారు. వస్తుంది. అది పెద్ద సమస్య కాదు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఇది వేసుకొని ఏం చేస్తావు? నిలబడి ఫొటోలు దిగుతావా, స్టేజీ మెట్లు ఎక్కుతావా, డాన్సు చేస్తావా, షార్ట్ ఫిల్మ్‌లో పరిగెత్తి కింద పడతావా? తొడ ముక్క ఎంత పొడవుండాలి, భుజం ముక్క ఎక్కడ వేలాడాలి అన్నది ఆ జవాబును బట్టి తేలుతుంది. బొమ్మలోని వీరుడు ఎప్పుడూ కూర్చోడు. నా దగ్గరికి వచ్చే కుర్రాడు ఆటో ఎక్కాలి, అన్నం తినాలి, బాత్రూమ్‌కు పోవాలి.

తిరుపతిలో ఉండి అంతరిక్ష యోధుల కవచాలు కడతానంటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇలాంటివి హైదరాబాదులోనో, ఏ హాలీవుడ్‌లోనో జరగాలని వాళ్ళ లెక్క. నాకు మాత్రం ఇంతకంటే తగిన ఊరు కనిపించదు. మేనెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే వారం పాటు ఊరు ఊరంతా వేషమే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, ఇలా రోజుకొకటి. మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, నగలు పెట్టుకొని అమ్మవారి ముందుకు వస్తారు. వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించిన సప్పరాలను తలకెత్తుకొని నడుస్తారు. నలభై డిగ్రీలు దాటే ఎండలో, జనం తోపులాటలో, అంత ఎత్తు సప్పరం ఒరగకుండా ఎలా నిలబడుతుందో చిన్నప్పుడు నోరు తెరుచుకొని చూసేవాణ్ణి. బరువు ఎక్కడ ఆనుతోంది, కట్టు ఎక్కడ బిగించారు అన్న చూపు నాకు అప్పుడే పట్టుకుంది.

ఇక చిత్తూరు పల్లెల్లో భారతం సంగతి. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపసుమాను ఎక్కుతాడు. చివరి రోజు నేలమీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ, సాయంత్రం అగ్నిగుండం. ఆ నాటకాల్లో రాజులు వేసుకునే కిరీటాలు, భుజకీర్తులు, ఛాతీ కట్టు చూడండి. తేలికపాటి కొయ్యను చెక్కి, అద్దం ముక్కలు, మెరుపు కాగితం అంటించినవి అవి. వాటిని కుట్టరు, తాళ్ళతో ఒంటికి కడతారు. కట్టుకున్న మనిషి రాత్రంతా గంతులేయాలి, గిరగిరా తిరగాలి, గొంతెత్తి పాడాలి.

అట్లాంటి వేషాలు కట్టి కట్టి వయసైపోయిన ఒక పెద్దాయన దగ్గర నేను కొన్నాళ్ళు కూర్చున్నాను. భుజకీర్తిని భుజం ఎముక మీద పెట్టకూడదని, మెడకూ భుజానికీ నడుమ కండ మీద ఆనించాలని, తాడు చంక కిందుగా తెచ్చి వీపున కట్టాలని ఆయనే చూపించారు. ఒకసారి మాటల్లో కొండ మీది కవచాల ప్రస్తావన వచ్చింది. జ్యేష్ఠాభిషేకం మూడు రోజులు తిరుమలలో ఉత్సవమూర్తులకు బంగారు కవచం తీసి అభిషేకం చేస్తారు. మొదటి రోజు వజ్రకవచం, రెండో రోజు ముత్యాల కవచం, మూడో రోజు మళ్ళీ స్వర్ణకవచం. ఆ బంగారు కవచం తిరిగి మరుసటి జ్యేష్ఠం దాకా స్వామి మీదే ఉంటుంది. అది ఎంత అతికినట్టు కూర్చుంటుందో నేను చెప్పబోతే పెద్దాయన ఆపారు. "స్వామి విగ్రహానికి అట్ల అతకాల్సిందే నాయనా. మనిషికి అట్ల కడితే ఊపిరాడక చస్తాడు. ఊపిరి బాగా పీల్చమని చెప్పి అప్పుడు కట్టు." ఇప్పటికీ ఛాతీ కొలత తీసేటప్పుడు నిండా ఊపిరి పీల్చి పట్టుకోమనే చెబుతాను.

ఆయన కొయ్య చెక్కారు, నేను ఫోమ్ కోస్తాను. ఈవీఏ ఫోమ్ అంటే చాలా స్పోర్ట్స్ బూట్ల అడుగున మెత్తగా ఉండే సరుకే. పిల్లలు ఆడుకోవడానికి నేల మీద పరిచే చాపలు కూడా చాలావరకు దాంతోనే చేస్తారు. ఛాతీకి, వీపుకు 10 మిల్లీమీటర్ల మందం, చేతులకు, కాళ్ళకు 5 లేదా 6, పైన నగిషీకి 2. ఇంటర్నెట్‌లో నమూనాలు దొరుకుతాయి. కంప్యూటరులోని త్రీడీ బొమ్మను కాగితం ముక్కలుగా విప్పే పెపకురా లాంటి సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. వాటిని నేను ఆకారం కోసం చూస్తాను, కొలత కోసం నమ్మను. వాటిలో చాలావరకు ఎత్తైన, భుజాలు వెడల్పైన విదేశీ మగవాళ్ళ కోసం గీసినవి.

కొలత ఒంటి మీదే తీయాలి. కవచం కింద ఏ బట్టలు వేసుకుంటారో అవే వేయించి, పైన వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద టేపు వరుసలుగా అంటిస్తాను. అతుకు ఎక్కడ రావాలో, ఎక్కడ తెరుచుకోవాలో మార్కరుతో గీసి, వీపు వైపు కత్తెరతో కోసి తీస్తే మనిషి ఆకారం చేతికి వస్తుంది. గీతల వెంట ముక్కలు చేసి బల్ల మీద పరిచినప్పుడు కొన్ని చదునుగా పడుకోవు. ఆ చోట్లలోనే ఒంటి వంపు ఉంది. జాకెట్టు కుట్టే దర్జీ టక్కు పట్టేదీ అక్కడే, నేను కోత పెట్టేదీ అక్కడే. మందం లెక్క కూడా మరవకూడదు. 10 మిల్లీమీటర్ల ఫోమ్‌ను తొడ చుట్టూ గుండ్రంగా తిప్పితే లోపలి చుట్టుకొలతకూ బయటి చుట్టుకొలతకూ 6 సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది.

బ్లేడు కొత్తదై ఉండాలి, మొండి బ్లేడు ఫోమ్‌ను కోయదు, చింపుతుంది. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే పసుపు రంగు గమ్మును రెండు అంచులకూ రాసి, వేలికి అంటుకోనంతగా ఆరాక కలపాలి. కలిపితే ఇక కదలదు, అందుకే ముందే గుర్తులు పెట్టుకోవాలి. ఈ గమ్ము వాసన తలకెక్కుతుంది. కిటికీలు తీసి, మూతికి ఆవిరి ఆపే మాస్కు పెట్టుకోమని నేర్చుకోవడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ కచ్చితంగా చెబుతాను. మామూలు గుడ్డ మాస్కు చాలదు. తర్వాత హీట్ గన్. వేడి తగలగానే ఫోమ్ పైపొరలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోయి నునుపెక్కుతుంది, అప్పుడు మోకాలి మీదో గిన్నె మీదో అదిమి చల్లారే దాకా పట్టుకుంటే ఆ వంపు నిలుస్తుంది. రంగులు వేయడం అందరికీ ఇష్టమైన దశ. నల్ల పూత, దాని మీద పొడి కుంచెతో వెండి రంగు, అంచుల్లో అరిగిన గుర్తులు. దాని గురించి ఎక్కువ చెప్పను. రంగుతో కవచానికి అందం వస్తుంది గానీ, సరిపోని కవచం సరిపోదు.

అసలు పని కీళ్ళ దగ్గర. మోచేయి లోపలి వైపు, మోకాలి వెనక, చంక, గజ్జలు, మెడ: ఈ చోట్లలో ఫోమ్ ఉండకూడదు. చూసేవాళ్ళకు ఖాళీ కనిపించకుండా లోపల నల్ల బట్ట వేస్తాం. భుజం ముక్కను ఛాతీకి అంటించకుండా ఎలాస్టిక్‌తో వేలాడదీస్తే చెయ్యి ఎత్తినప్పుడు అది తనంతట తాను పక్కకు జరుగుతుంది. తొడ ముక్కలు జారిపోకుండా నడుము బెల్టుకు పట్టీలు. బరువంతా భుజాలకు వదలకుండా నడుముకు దించాలి. ఫిట్టింగుకు వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెడతాను, నేల మీద పెన్సిలు తీయమంటాను, మెట్లెక్కిస్తాను. వేసుకునే వరుస కూడా ముందే అనుకోవాలి: బూట్లు, పిక్కలు, తొడలు, నడుము, ఛాతీ, చేతులు, ఆఖరున హెల్మెట్. ఛాతీ బిగించాక వంగి బూటు తొడగడం కుదరదు. పక్కన ఒక తోడు మనిషి తప్పనిసరి.

పెద్ద సినిమాల వాళ్ళకూ ఈ బాధలు తప్పలేదు. స్టార్ వార్స్ మొదటి సినిమాలో సీ-త్రీపీవో అనే బంగారు రంగు రోబోగా ఆంథొనీ డేనియల్స్ చేశారు. ఆయన ఒంటికి ప్లాస్టర్ అచ్చు తీసి, దాని మీద ఆకారం మలిచారు. అంత కొలత తీసి చేసినా, 1976లో ట్యునీషియాలో తొలిసారి పూర్తిగా వేసుకొని నడిచినప్పుడు ఎడమ కాలి ముక్క పగిలి పాదంలో గుచ్చుకుంది. ఆ సూటులో ఆయన కూర్చోలేకపోయేవారు, వాలడానికి ఒక పలక ఉండేది. ఆ సంగతి చదివిన దగ్గర్నుంచి పాదం మీదికి వచ్చే ఏ అంచునైనా నేను రెండుసార్లు తడిమి చూస్తాను.

మన దగ్గర 1991లోనే సింగీతం శ్రీనివాసరావు గారు ఆదిత్య 369లో భవిష్యత్తు మనుషులను చూపించారు. కానీ పిల్లలు గుంపులుగా రావడం మొదలైంది కల్కి 2898 ఏడీ తర్వాత. 2024 జూన్ 27న విడుదలైన ఆ సినిమాకు దుస్తులు రూపొందించింది అర్చనా రావు. అందులోని రైడర్ల వేషాలు ఎలా తయారయ్యాయో చూపిస్తూ సినిమావాళ్ళు ముందే ఒక వీడియో వదిలారు. అందులో మనవాళ్ళు మన బల్లల మీద కోసి, అంటించి చేయడం చూశాక, ఇది చేతనయ్యే పనేనని ఇక్కడి పిల్లలకు ధైర్యం వచ్చింది. ఆ ఒక్క మేలు చాలు, ఆ బృందానికి నేను రుణపడి ఉంటాను.

ఆడపిల్లలకు కట్టేటప్పుడు నాకొక పట్టుదల ఉంది. ఆటల్లోని బొమ్మల్లా రొమ్ములకు విడివిడిగా రెండు గిన్నెలు పెట్టను. పడినా, ఎవరైనా తగిలినా మధ్యలోని గాడి సూటిగా ఛాతీ ఎముకను నొక్కుతుంది. ముందుకు ఉబ్బిన ఒకే వంపు గట్టిగానూ ఉంటుంది, హుందాగానూ ఉంటుంది. కొలతకు అమ్మనో స్నేహితురాలినో వెంట తెచ్చుకోమంటాను, టేపు వాళ్ళే వేస్తారు, నేను పక్కనుంచి చెబుతాను.

మా ఎండ మాత్రం ఇంకా లొంగలేదు. ఫోమ్ వేడిని బయటికి పోనివ్వదు. హెల్మెట్‌లో కంప్యూటరు ఫ్యాను ఒకటి గాలి లాగడానికి, ఒకటి వదలడానికి, నడుము దగ్గర పవర్ బ్యాంకు. వీపు ముక్కకూ ఒంటికీ మధ్య చిన్న ఫోమ్ దిమ్మెలు పెట్టి గాలికి దారి వదులుతాను. అయినా మేనెలలో ఎవరినీ అరగంట మించి వేసుకోనివ్వను. మధ్యాహ్నం కారులో వదిలిన కవచానికి గమ్ము మెత్తబడి అతుకులు విడతాయి, అందుకని నారాయణాద్రి రైల్లో హైదరాబాదు కామిక్ కాన్‌కు పోయేవాళ్ళకు ముక్కలుగా విప్పి సర్దిస్తాను, గమ్ము సీసా ఒకటి చేతికిస్తాను.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నవి మాత్రం అంతరిక్షానివి కావు. ఒక వీధినాటకం జట్టు దుర్యోధనుడికి ఫోమ్‌తో భుజకీర్తులు చేయమని అడిగింది. కొయ్యలో సగం బరువు కూడా లేవు. అద్దాలు అంటించి పెద్దాయనకు చూపించాను. చేత్తో నొక్కి చూశారు, భుజాన పెట్టుకొని రెండు అడుగులు వేశారు, తల అటూ ఇటూ తిప్పారు.

"బరువు లేదు, బాగుండాది. మెడ కాడ ఇంకో వేలెడు తియ్యి."

గుర్తు పెట్టుకున్నాను. బ్లేడు మార్చి కోస్తున్నాను.